జానెడు దూరంలో కర్ర

కుట్టు మిషను ముందు నుంచి

అక్కా,

నువ్వు పడ్డావని వీధంతటికీ తెలుసు. ఎలా పడ్డావో మాత్రం నాకొక్కడికే తెలుసు. అడిగిన వాళ్లందరికీ బాత్రూంలో జారిందని చెప్పాను. ఉన్నదున్నట్టు చెబితే నీ పరువేం కాను? కదిలే బస్సులో కమ్మీ పట్టుకోకుండా ఉద్యోగమంతా టిక్కెట్లు కొట్టిన కండక్టరమ్మ, బోర్లించిన బకెట్ ఎక్కి టమాటా మొక్కకి కర్ర పాతుతుంటే కర్ర విరిగి, బకెట్ దొర్లి, స్టాపు రాకుండానే దిగిపోయిందని చెప్పమంటావా?

పెద్దన్నయ్య నిన్ను ఆసుపత్రి నుంచి నేరుగా తన ఊరికి ఎత్తుకుపోయాడు. నేను ఇస్త్రీ పెట్టె ఆపి ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చేసరికి కారు మలుపు తిరిగింది. తిరిగి నీ ఇంటికెళ్తే నీ చెప్పులు ఒకటి గేటు దగ్గర, ఒకటి టమాటా మడిలో దొరికాయి. కడిగి గుమ్మం లోపల పెట్టాను, ముక్కులు లోపలికి తిప్పి. మనిషి ఇప్పుడే బయటినుంచి వచ్చి విప్పినట్టుండాలని.

ఇంటి తాళం నా దగ్గరే ఉంది. మొక్కలు కూడా నీలాగే సగం లేచి, సగం పడుకుని ఉన్నాయి. ఏం చెయ్యాలో రాయి. మొక్కల గురించి నాకు తెలిసిందొక్కటే, పచ్చగా ఉంటే ఇంకా పోలేదని. నేను బడి మానేసిన మర్నాడు మొక్కల పాఠం చెప్పుంటారు.

ఫోన్ చేస్తే అన్నయ్యే తీసి, అది పడుకుంది అంటున్నాడు. పొద్దున్న చేసినా అదే, సాయంత్రం చేసినా అదే. ఇంత నిద్ర నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పుడు కూడా పోయుండవు.

నీ తమ్ముడు
వీధి చివరి దర్జీ


అన్నయ్య ఇల్లు, మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం

ఒరేయ్ చిన్నోడా,

ముందు ఆ నోటికి రెండు కుట్లు వేసుకో. బకెట్ సంగతి ఇంకొకరికి తెలిసిందా, నీ కొట్లో కత్తెరతోనే నీ మీసం కత్తిరిస్తా.

ఫోన్ చెయ్యకు. ఇక్కడ ఫోన్ హాల్లో, అన్నయ్య కుర్చీకి ఆనుకుని ఉంటుంది. నేను ఊఁ అన్నా ఆయన చెవిలో అన్నట్టే. ఉత్తరమే రాయి. వదిన తెచ్చి నా దిండు కింద పెడుతుంది.

అన్నయ్య మంచివాడే, కాదనను. నాన్న పోయాక మనిద్దర్నీ చెరో భుజం మీద మోశాడు. కానీ దింపడం మర్చిపోయాడు. తన మందుల కొట్లో సీసాకి అంటించినట్టు నాకూ ఓ చీటీ అంటించాడు, కదపరాదు అని. ఇక ఒంటరిగా ఉండక్కర్లేదట. ఆ అద్దె ఇల్లు ఖాళీ చేసేసి, నేను ఇక్కడే ఉండిపోవాలట. నేను ఒప్పుకోలేదు. టమాటాలు పండేసరికి నా ఇంట్లో ఉంటానన్నాను. ఆయన నవ్వి, ఈ మూడంతస్తులూ నీ కాళ్లతో దిగు, నేనే దగ్గరుండి బస్సెక్కిస్తా అన్నాడు. ఆ నవ్వు నేను మర్చిపోను.

కాబట్టి ఆ మొక్కలు పడకూడదు. విను. గట్టి కర్రలు చూడు, నేను వాడినట్టు పుచ్చినవి వద్దు. మొక్క మొదట్లో పాతితే వేళ్లు తెగుతాయి, జానెడు దూరంలో పాతు. మట్టిని తాకుతున్న ఆకులు తుంచెయ్. కొమ్మ పక్కన వచ్చే పిలకలు గిల్లెయ్. పూలగుత్తికి కింద కట్టు, మీద కాదు. నీళ్లు వేరుకి పొయ్యి, నెత్తిన కాదు.

అక్క


నీ పెరడు, అదే బకెట్ మీద కూర్చుని

కండక్టరమ్మ గారికి,

బండి నిండింది, అందరూ నిలబడే ఉన్నారు. పాత మంచం పట్టెలు, కర్టెన్ కడ్డీ, బట్ట పోయిన గొడుగు కాడ, దొరికినవన్నీ పాతేశాను. గేటు పక్కన పొడుగ్గా ఎదిగిన మొక్కకి మాత్రం రాజా లాంటి కర్ర దొరికింది. చిత్రిక పట్టినది, కింద మొన కూడా చెక్కి ఉంది. ఎక్కడిదని అడగకు. అడిగితే అబద్ధం చెప్పాలి, నీతో అబద్ధం చెబితే నాకు తుమ్ములొస్తాయి.

కట్టడం నువ్వు చూడాలి. రెండు పేటల నైలాన్ దారం, కర్రకీ కాండానికీ మధ్య గాలి కూడా దూరదు. కొలతకి కుట్టిన చొక్కా అనుకో.

పిట్టలు పూత పాడుచేస్తున్నాయని కొట్లో బట్టలు తొడిగే బొమ్మని తెచ్చి మడి మధ్యలో నిలబెట్టాను. ఉత్త బొమ్మైతే బాగుండదని, పొట్ట దగ్గర వదులు చెయ్యమని అన్నయ్య ఇచ్చి మర్చిపోయిన కోటు తొడిగాను. పేపరాయన రోజూ సైకిల్ ఆపి నమస్కారం పెడుతున్నాడు. మీ పెద్దన్నయ్య గారు పలకరేమిటండీ అని నిన్న అడిగాడు. ఆయనంతేనండీ, తల లేకపోయినా పెద్దరికం పోలేదు అన్నాను.

కాలెలా ఉంది? నిజం రాయి.

నీ తమ్ముడు


మూడో అంతస్తు

చిన్నోడా,

కాలు బాగుంది. హాలు దాకా నడిచి వస్తున్నాను. ఇక దాని గురించి అడగకు.

కోటు తీసెయ్. లేదులే, ఉంచు. చాలా రోజుల తర్వాత వదినా నేనూ నోటికి తువ్వాలు అడ్డుపెట్టుకుని నవ్వాం. హాల్లోంచి ఏమైందని అడిగితే, దగ్గొచ్చిందని వదిన చెప్పింది. అన్నయ్య వెంటనే దగ్గు మందు తెచ్చాడు. ఇద్దరం తాగాం.

నైలాన్ దారం అన్నావు.  వెళ్లి చూడు, ఆ ముడిలో నీ వేలు దూరుతుందా? చూసి వెంటనే రాయి.

అక్క


నీ పెరడు

అక్కా,

వేలు కాదు, సూది కూడా దూరట్లేదు.

మొక్కలు లావెక్కాయి, దారం సాగలేదు. రెండింటికి కాండంలోకి దిగిపోయింది. మెడలో చిన్నప్పటి గొలుసు తియ్యకుండా పెంచినట్టుంది. ముడికి కింద పచ్చగా ఉన్నాయి, పైన వడిలిపోయాయి. దారం కత్తిరిస్తుంటే ఆ రెండూ నా చేతిలోనే విరిగాయి. మిగతావాటికి చారలు పడ్డాయి గానీ ఊపిరుంది.

ఈ పూట నా దగ్గర జోకు లేదు. పడకూడదనేగా బిగించాను. పడలేదు. నిలబడే చచ్చిపోయాయి.

ఇప్పుడేం చెయ్యను?

తమ్ముడు


మూడో అంతస్తు

ఒరేయ్ దర్జీ,

పెరిగే పిల్లలకి గౌను కుడితే ఏం చేస్తావు? లోపల నాలుగు వేళ్ల గుడ్డ వదులుతావా లేదా? ఏడాది తిరిగేసరికి ఎదుగుతారని నీకు ఎవరైనా చెప్పాలా? మొక్క దగ్గరికొచ్చేసరికి ఆ బుద్ధి ఏమైంది? అది కూడా పెరిగే పిల్లే.

పాత బనియన్లు వేలెడు వెడల్పున పీలికలు చెయ్. అవి సాగుతాయి. కర్ర చుట్టూ ఒక చుట్టు గట్టిగా వేసి, మధ్యలో మెలితిప్పి, కాండం చుట్టూ ఇంకో చుట్టు వదులుగా వెయ్యి. ఎనిమిది అంకె పడుకున్నట్టుండాలి. కర్ర గదిలో కర్ర, మొక్క గదిలో మొక్క. గాలొస్తే మొక్క ఊగాలి. ఊగితేనే కాండం గట్టిపడుతుంది. పడబోతే పట్టుకోవడానికే కర్ర. కదలకుండా చెయ్యడానికి కాదు.

ఇంత రాశాక నీకు అబద్ధం చెప్పి ప్రయోజనం లేదు. నేను నడవట్లేదు రా. హాలు దాకా కాదు, తలుపు దాకా కూడా లేదు. ఆసుపత్రిలో ఇచ్చిన వాకర్ బీరువా మీద ఉంది. నేను మంచం దిగానని తెలిస్తే అన్నయ్య కొట్టు మూసేసి వచ్చేస్తున్నాడు. పడితే ఎవరు చూస్తారంటాడు. అన్నం, నీళ్లు, పేపరు, అన్నీ మంచం మీదికే. ముడికి పైన వడిలిపోవడం అంటే ఏమిటో నీకంటే నాకే బాగా తెలుసు.

నిన్న ఆయన హాల్లో నా అద్దె ఇంటావిడతో ఫోన్లో మాట్లాడాడు. అంతా వినపడింది. ఇల్లు ఖాళీ చేస్తామని ఎప్పుడో మాట ఇచ్చాడట. అద్దె బోర్డు కూడా పెట్టేశారట. నువ్వు రోజూ ఆ గేటు తీస్తావు. నాకెందుకు చెప్పలేదు?

అక్క


నీ పెరడు, బోర్డు నీడలో

అక్కా,

తుమ్మకుండా చెబుతున్నాను, విను.

నువ్వెళ్లిన వారంలోనే ఇంటావిడ మనిషి వచ్చి గేటు పక్కన బోర్డు పాతి వెళ్లాడు. "ఇల్లు అద్దెకివ్వబడును." నాకు చదువు తక్కువని అందరికీ తెలుసు కాబట్టి చదవనట్టే నటించాను. కానీ కర్ర చూస్తే ఎంత చక్కని కర్ర. మొన చెక్కి, నున్నగా ఉంది. ఇంత మంచి కర్ర ఊరికే నిలబడి ఏం చేస్తుంది, పని చూపిద్దామని పీకి మడిలో పాతాను. అదే రాజా కర్ర. బోర్డు దాని తలకాయి మీదే ఉంది. మొక్క దాన్ని పట్టుకుని ఎక్కేసింది, ఇప్పుడు ఆకుల మధ్య "ఇల్లు" ఒక్కటే కనిపిస్తోంది.

నిన్న ఇంటావిడ స్వయంగా వచ్చింది. ఒక్కరూ ఇల్లు చూడ్డానికి రావట్లేదు, బోర్డేదని అడిగింది. ఎండకి రంగు పోతుందని లోపల పెట్టానన్నాను. తోసుకుని లోపలికొచ్చి చూసింది. ముందు అన్నయ్య కోటు చూసి కొంగు సర్దుకుంది. తర్వాత బోర్డు చూసింది.

"ఇదేం పనయ్యా?"

"కాయలు కాస్తోందండీ. ఇన్నాళ్లుగా ఏ బోర్డైనా కాసిందా మీకు?"

పీకమంది. పిందెలతో ఉన్న మొక్క, మీ చేత్తో మీరే పీకండి, నేను అటు తిరుగుతాను అన్నాను. ఆవిడ దాని దగ్గరికెళ్లింది, పిందెల్ని చూసింది, చెయ్యి వెనక్కి తీసుకుంది. మీ పెద్దన్నయ్య మాట ఇచ్చారు కదా అంది. ఉండే మనిషి ఇచ్చిందా అన్నాను. ఆవిడ తేల్చేసింది. "మీ అక్క వచ్చి నా ఎదురుగా నిలబడి ఉంటానంటే ఉంటుంది. నువ్వు చెబితే కాదు. నా సంచికి అడుగు కుట్టకుండా ఇచ్చిన మనిషివి నువ్వు." ఎప్పటి సంచి, ఇంకా మర్చిపోలేదు చూడు.

నీతో చెప్పలేదెందుకంటే, చెబితే నువ్వు ఆ మంచం మీదే అన్నయ్యతో పోట్లాడతావు. ఓడిపోతావు. ఆయన నిలబడి ఉంటాడు, నువ్వు పడుకుని ఉంటావు. లేచాక పోట్లాడు.

దానికి ఈ పార్సిల్. మందపాటి నూలు గుడ్డ రెండు మడతలు వేసి, నాలుగు వరసల కుట్టు కొట్టాను. పెద్ద చుట్టు నీ నడుముకి. వెనక చిన్న చుట్టు వదిన చేతికి. నువ్వు చెప్పిన ఎనిమిదే. పడబోతే పట్టుకోమను, లాగొద్దను. వాకర్ బీరువా మీద నుంచి దించడం వదిన పని.

ఇంకోటి. నువ్వు ఒక్కదానివే ఉండకూడదనేగా అన్నయ్య గోల. మొక్క వాలితే కర్రని మొక్క దగ్గరికి తేవాలి గానీ, మొక్కని పీకి కర్ర ఉన్న చోట నాటుతారా? నా కొట్టు మెట్ల కింద గూడు, ఎలుక కూడా వంగి నడుస్తుంది. నా మిషను నీ వరండాలోకి తెచ్చుకుంటాను. పగలంతా అక్కడే కుట్టుకుంటాను, రాత్రి నా గదికి పోతాను. ఈ మాట నేనే ఫోన్ చేసి అన్నయ్యకి చెబుదామనుకున్నాను. మళ్లీ అనుకున్నాను, ఇల్లు నీది, నువ్వు ఒప్పుకుంటేనే.

తమ్ముడు


మూడో అంతస్తు, ఈసారి కుర్చీలోంచి

చిన్నోడా,

బోర్డు సంగతి చదివి నేను నవ్వలేదు. ఏడ్చాను. తర్వాత నవ్వాను. దగ్గు మందు సీసా అయిపోయింది.

నీ పట్టీ వచ్చిన రోజే వదిన స్టూలెక్కి వాకర్ దించింది. అన్నయ్య కొట్టుకి వెళ్లగానే మొదలు. ముందు గదిలో, తర్వాత వసారాలో, తర్వాత మెట్లు. మొదటి మెట్టు మీద చెమటలు పట్టి కూలబడ్డాను. వదిన పట్టీ వదల్లేదు, లాగలేదు. ఆ చిన్న చుట్టు పట్టుకుని నా పక్కనే కూర్చుని, కూరగాయల ధరలు చెప్పడం మొదలుపెట్టింది. ఆయాసం తగ్గాక మళ్లీ లేచాను.

మొన్న రెండో అంతస్తు మలుపులో ఉండగా కింద నుంచి అన్నయ్య వచ్చేశాడు. మొహం పాలిపోయింది. పరిగెత్తుకుంటూ వచ్చి రెండు చేతులూ చాచాడు, చంటిపిల్లని ఎత్తుకోడానికి వచ్చినట్టు. నేను కమ్మీ వదల్లేదు.

"ఎక్కడికే?"

"కిందికి."

"పడితే?"

"పడితే లేస్తాను. ఎత్తకు అన్నయ్యా. పక్కన నిలబడు, చాలు."

ఆయన వదిన వైపు తిరిగాడు. ఆవిడ పట్టీ ఉన్న చెయ్యి వెనక్కి దాచుకోలేదు. పెళ్లయినప్పటి నుంచీ ఈ ఇంట్లో ఏది ఎక్కడుండాలో మీరే చెప్పారు, ఇది మాత్రం నా చేతిలో ఉంటుంది అంది. వదిన గొంతు అంత పెద్దదని నాకు ఇన్నేళ్లూ తెలియదు. అన్నయ్యకి కూడా తెలిసినట్టు లేదు.

ఆయన గొడుగు చంకలో పెట్టుకుని, నాకంటే ఒక మెట్టు కింద నిలబడ్డాడు. నేను ఒకటి దిగితే ఆయన ఒకటి దిగాడు. అలా నేల దాకా వచ్చాం. కింద ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, మళ్లీ ఎక్కడం ఎలాగ అన్నాడు. ఎక్కను, బస్సెప్పుడో కనుక్కో అన్నాను. తొందరేం లేదు, ఆ పూటకి నన్ను మళ్లీ పైకే ఎక్కించారులే. కానీ మాట తప్పించుకోవడానికి ఆయనకి మెట్టు మిగల్లేదు.

ఇక నీ వరండా సంగతి. సరే రా. కానీ షరతులున్నాయి. కర్ర జానెడు దూరంలోనే ఉండాలి. నా వంటగదిలో నీ సూదులు దొరక్కూడదు. నేను దేనికైనా చెయ్యి చాస్తే నువ్వు ముందే అందించకూడదు. పిలిస్తే రా. పిలవకపోతే మిషను తొక్కుకో.

అక్క


నీ వరండా, మిషను ఇప్పుడే దించి

అక్కా,

నిన్న పెద్ద గాలి. కరెంటు స్తంభం వంగింది, నా కొట్టు ముందు రేకు ఎగిరి పక్క వీధిలో వాలింది. ఎలాగూ ఖాళీ చేస్తున్న కొట్టే కదా, పోతే పోనీ. పొద్దున్నే గుండె చేత్తో పట్టుకుని నీ పెరట్లోకి వచ్చాను. అన్నయ్య కోటు మాత్రం వెల్లకిలా పడి ఉంది, మర్యాదగా లేపి నిలబెట్టాను. మొక్క ఒక్కటి కూడా పడలేదు. అన్నీ ఊగి ఊగి కాస్త పక్కకి జరిగి నిలబడ్డాయి. వేలు పెట్టి చూశాను, ప్రతి ముడిలోనూ దూరింది.

బోర్డు మొక్కకి కింది గుత్తిలో ఒక కాయ బుగ్గ ఎర్రబడింది. కొయ్యలేదు. ఇంటావిడ రోజూ గోడ మీంచి తొంగి చూసి, వచ్చిందా అని అడుగుతోంది. కాయని అడుగుతోందో నిన్ను అడుగుతోందో తెలియడం లేదు. ఎందుకైనా మంచిది, బయల్దేరింది అని చెబుతున్నాను.

తమ్ముడు


లోపలి గది నుంచి వరండాకి

ఒరేయ్ చిన్నోడా,

అరిచి అరిచి గొంతు పోతోంది. నీ మిషను మోతలో వినపడదు, వినపడినా నోటి నిండా గుండుసూదులతో ఊఁ ఊఁ అంటావు. అందుకే ఈ కాగితం గాజు గ్లాసు కింద పెట్టి గుమ్మంలో ఉంచుతున్నాను. టీ తాగి చదువు.

పొద్దున్న ఇంటావిడ ఎదురుగా నిలబడ్డాను. వాకర్ పక్కన పెట్టి, చౌకట్టు కూడా పట్టుకోకుండా నిలబడ్డాను. ఉంటున్నానండీ అని చెప్పాను. ఆవిడ నా కాళ్లకేసి చూసి, ఇంకో బోర్డు చేయించుకోవాలి అని గొణిగింది. కాయలిస్తే ఊరుకుంటుందిలే.

నన్ను దింపడానికి వచ్చిన అన్నయ్య, నువ్వు దారం కొనడానికి పోయినప్పుడు పెరట్లోకి వెళ్లాడు. కిటికీలోంచి చూశాను. ముందు కోటు దగ్గర ఆగాడు. తన కోటేనని పోల్చుకున్నాడు. చెయ్యి ఎత్తాడు, పీకేస్తాడనుకున్నాను. గాలికి ఊడిన బొత్తాం పెట్టి ఊరుకున్నాడు. తర్వాత బోర్డు దగ్గరికి వెళ్లి ఆకులు పక్కకి తప్పించి మొత్తం చదివాడు. ఆకులు మళ్లీ వదిలేశాడు. 

మడి చివర మొక్కకి ఒక కొమ్మ కాయల బరువుకి వాలి ఉంది, నువ్వు చూసుకోలేదు. ఆయన చూశాడు. జేబులోంచి రుమాలు తీసి, కింద మోకాలు ఆనించి కూర్చుని కర్రకి కట్టాడు. ఆ మోకాళ్ల నొప్పులతో ఎలా కూర్చున్నాడో. లేచి, రెండుసార్లు లాగి చూసుకుని, ఇటు వచ్చి నాకు జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టాడు. అన్నీ విన్నాను. ఒక్కటి కూడా ఒప్పుకోలేదు. బస్సు టైమైందని వెళ్లిపోయాడు. గేటు దాకా నేనే దిగబెట్టాను, నడిచి.

ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. ఆ రుమాలు ముడి బిగించేశాడు రా. వేలు కాదు, సూది కూడా దూరదు. ఆ ముడి విప్పడానికి నా వేళ్లకి ఇంకా బలం చాలడం లేదు, నువ్వు వెళ్లు. విప్పి, మెలితిప్పి, ఎనిమిది అంకెలా వదులుగా మళ్లీ కట్టు. బనియన్ పీలిక వెయ్యకు. ఆ రుమాలే ఉంచు.

అక్క